పళ్ళు పట్టి చూడని ఎద్దు

"ఎవరు పోసినారు?"

పద్మనాభయ్య ఆ మాట అడగడం అది నాలుగోసారి. మొదటి రెండుసార్లు కొట్టం కప్పు ఎగిరిపోయేటట్టు అరిచాడు. మూడోసారికి గొంతు బొంగురుపోయింది. నాలుగోసారి మాత్రం మెల్లగా, పక్కింటికి వినపడకుండా అడిగాడు. ఇందిరమ్మకు భయం వేసింది ఆ నాలుగోసారికే. అరుపులదేముంది, పదకొండేళ్ళ కాపురంలో వాటికి అలవాటు పడిపోయింది.

గొడ్ల కొట్టం ముందు ఎర్రరంగు చిన్న ట్రాక్టరు కుతకుతలాడుతోంది. ముక్కు మీది మూత తీయగానే లోపలి నుంచి నురగ పొంగుకొచ్చి, గంజి వార్చని కుండలాగా బుడబుడమంటూ ముందు చక్రాల మీదికి కారింది. ఆ నురగ నిండా తవుడు. బాగా నాని, అంతకంటే బాగా ఉడికి, పుల్లటి వాసన వేస్తున్న తవుడు.

పద్మనాభయ్య వేలితో కాస్త తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"కుడితి," అన్నాడు. "తెల్లారితే కంపెనీ ఆఫీసరు రైలు దిగతాడు. గొడ్లకి పోసినట్టు నా ట్రాక్టరుకి ఎవరో కుడితి పోసినారు."

తెల్లారితే ఏమవుతుందో ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. మద్రాసు నుంచి ఆఫీసరు దిగుతాడు. పెద్దరైతు హజరత్తయ్య వరి కయ్యలో ఈ బండితో దమ్ము చేసి చూపించాలి. చుట్టుపక్కల రైతులు గట్టు మీద నిలబడి చూస్తారు. చూసినవాళ్ళలో అయిదుగురు కొంటామని పేర్లిస్తే నాయుడుపేట ఏజెన్సీ పద్మనాభయ్యది. ఇవ్వకపోతే గూడూరులో ఇంకొకాయన కాచుకొని ఉన్నాడు. ఈలోపలే పద్మనాభయ్య మద్రాసు రోడ్డు మీద గది అద్దెకు తీసుకున్నాడు, తలుపు మీద తన పేరుతో బోర్డు కూడా రాయించాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని ఊళ్ళో నవ్వుకున్నారు. నవ్వితే నవ్వనీ అనుకొని పోయిన నెల ఎద్దుల్ని కూడా అమ్మేశాడు. ట్రాక్టర్లు అమ్మేవాడి ఇంట్లో ఎద్దులుంటే ఎవడు నమ్ముతాడన్నది ఆయన వాదన.

ఇక వెనక్కి పోవడానికి దారి లేదు. రేపు ఈ బండి నడవాలి. అంతే.

బండి పక్కన క్రీస్తుదాసు గొంతుక్కూచొని నురగ తుడుస్తున్నాడు. నాయుడుపేట లారీ షెడ్డులో మెకానిక్కు. చైనా యుద్ధమప్పుడు మిలిటరీ లారీల కింద పడుకొని పని నేర్చుకున్నవాడు. రేపటి పనికి ముందు ఒకసారి నట్లు బిగించి పోదామని పొద్దున్నే సైకిలు మీద వచ్చి, ఇదుగో, ఈ గొడవలో చిక్కుకున్నాడు.

అరుగు మీద పద్మనాభయ్య తల్లి ఆదిశేషమ్మ చేటలో కందులు బాగుచేస్తోంది. ఆ నాలుగు ప్రశ్నలూ ఎవరి వైపు పోతున్నాయో వీధిలో పోయే కుక్కకు కూడా అర్థమవుతుంది. ఆమె మాత్రం తల ఎత్తలేదు.

"అమ్మా, నిన్నే."

చేటలో కందులు ఆగాయి.

"నన్నా? ఇందాకటి నించీ గాలిని అడగతుండావనుకున్నా."

"నువ్వే పోసినావా?"

ఆదిశేషమ్మ కొడుకు మొహంలోకి చూసింది.

"వచ్చిన దినమే అన్నావు గదా, ఈ ఇనపదాన్ని నా కొట్టంలో కట్టేస్తే పచ్చి మంచినీళ్ళు ముట్టనని!" అన్నాడు పద్మనాభయ్య. ఆ సాయంత్రమే ఆమె నీళ్ళు తాగి, పులుసన్నం కూడా తిన్న సంగతి వేరే. "ఎద్దుల్ని అమ్మినానని కడుపులో పెట్టుకోని, కన్నకొడుకు నోట్లో మన్ను కొడతావా?"

క్రీస్తుదాసు తుడవడం ఆపాడు. ఇందిరమ్మ ద్వారబంధం మీద చెయ్యి ఆనించి నిలబడిపోయింది.

ఆదిశేషమ్మ చేట పక్కన పెట్టి, ఒళ్ళో రాలిన పొట్టు దులుపుకొని లేచింది. కోడలిని దాటుకొని లోపలికి పోయింది. తలుపు వేసుకోలేదు. ధడాలున వేసుకొని ఉంటే బాగుండేది, దానికి ఆయనా ఒకమాట అనేవాడు, చెల్లుకు చెల్లయ్యేది. తెరిచిన తలుపుతో ఎవరు పోట్లాడగలరు?

"అన్నా, చల్లారనీ," అన్నాడు క్రీస్తుదాసు. "చల్లారినాక నీళ్ళ పెట్టె ఊడదీసి కడగతా. సాయంత్రానికి మళ్ళా బిగించేస్తా."

"రేపటికి నడస్తాదా?"

"కడిగితే ఎందుకు నడవదు?"

పద్మనాభయ్యకు కాలు నిలవలేదు. రేపటి రైలు ఎన్ని గంటలకో స్టేషనులో కనుక్కొని వస్తానని సైకిలు తీసుకొని పోయాడు. ఆ రైలు పుట్టినప్పటి నుంచీ ఒకే వేళకు వస్తోంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఇందిరమ్మకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. ఏ వస్తువైనా ఎట్లా పని చేస్తుందో తెలియకపోతే ఆమెకు అన్నం సహించదు. పదేళ్ళప్పుడు పుట్టింట్లో గోడ గడియారం విప్పి మళ్ళీ బిగించింది. రెండు మరలు మిగిలిపోయాయి, అయినా గడియారం నడిచింది. ఆ రెండు మరలూ ఎందుకుండేవో అన్న దిగులు మాత్రం ఆమెను పెళ్ళిదాకా వదలలేదు.

ట్రాక్టరు వచ్చి పది రోజులు. పది రోజులుగా వంటింటి కిటికీలోంచి చూస్తోంది. ఆడదానివి, నీకెందుకని ఎవరూ అనలేదు. చూపిస్తాను రమ్మని కూడా ఎవరూ అనలేదు. ఇప్పుడు దాని నీళ్ళ పెట్టె ఊడదీస్తారట! ఇంట్లో తల్లీకొడుకుల మధ్య నిప్పు అంటుకొని ఉంటే తనకు ఈ ఉబలాటమేమిటని సిగ్గు వేసింది. సిగ్గు సిగ్గే, ఉబలాటం ఉబలాటమే.

అయినా ముందు అత్త దగ్గరికి పోయింది.

ఆదిశేషమ్మ గోడకు ఆనుకొని కాళ్ళు చాపుకొని కూచొని ఉంది.

"అత్తా, మీరే పోసినారు గదా?"

"పోసినా."

"ఎందుకని?"

"ఎందుకేంది మే! పనికి పొయ్యే జీవాన్ని ఉత్తనీళ్ళతో తోలే ఇల్లా ఇది? మీ మామ ఉన్నప్పటి నించీ ఈ కొట్టంలోంచి కుడితి తాగకుండా ఒక్క గొడ్డన్నా కాడి కిందికి పోయిందా?"

"అది గొడ్డు కాదు గదత్తా."

"మరి నీ మొగుడేమన్నాడు? పొద్దున్నే అర బిందె నీళ్ళు పొయ్యాల, తాగకుండా తోలితే చస్తాదన్నాడా లేదా? వచ్చినోళ్ళందరికీ గొప్పగా చెప్పుకున్నాడు, నా బండి దినానికి అర బిందె తాగతాదని. తాగే దానికి ప్రాణం లేకుండా ఎట్టా ఉంటాది?"

ఇందిరమ్మ అత్త పక్కన కూచుంది.

"తిట్టినా. నిజమే. అయిదారు దినాలు దాని మొహం కూడా చూడలా," అంది ఆదిశేషమ్మ. "తర్వాత చూస్తే జాలేసింది. గడ్డి లేదు, ఒక దిష్టి తీసేది లేదు. ఉత్తనీళ్ళు పోసి దుమ్ములో తిప్పుతుండాడు. మన కొట్టంలోకి వచ్చినాక అది మనది గదా! వడగట్టే పోసినాలే. దాని గొంతు ఎంత సన్నమో చూడలేదనుకున్నావా? వాడు లేచేలోపలే పాత పంచెలో వడగట్టి తేట పోసినా. అడుగున కాస్త తవుడు జారితే జారిందేమో."

"ఎన్ని దినాలు?"

"ఈ దినంతో నాలుగు."

"ఈ మాట ఆయనకి చెప్పుండొచ్చు గదా అత్తా."

"అడిగినాడా? అడగలా. మన్ను కొట్టినావన్నాడు." ఆదిశేషమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. కొడుకు మీద కోపం కంటే, ఇన్నేళ్ళు పెట్టిన చెయ్యిని అనుమానించాడన్న బాధ ఎక్కువగా ఉంది ఆమెకు. ఉండబట్టలేక మళ్ళీ అంది. "ఒకటి మటుకు విను. నా కుడితి పడినాకనే దాని దాహం తీరింది. మొదటి దినం అర బిందె పట్టింది. రెండో దినం చెంబుడు. నిన్న గిద్దెడు. ఈ పొద్దున చూస్తే నిండుగా అట్టనే ఉండాది, నాలుక తడుపుకునేటంత పోసి వచ్చినా. మంచి తిండి పడితే గొడ్డుకి దాహం కట్టుబడతాది. ఆ మాత్రం తెలీదా నాకు?"

ఇందిరమ్మ వంటింట్లోకి పోయి పొయ్యి మీద ఎసరు పెట్టింది. ఎసరు మరిగింది. బియ్యం పోయడం మరిచిపోయి అట్లాగే నిలబడింది. దాహం తీరడమేమిటి? ఆ మాట చేపముల్లులాగా గొంతులో అడ్డం పడి, ఎంత మింగినా దిగలేదు.

పొయ్యి కింద కట్టెలు వెనక్కి లాగి కొట్టం దగ్గరికి నడిచింది.

క్రీస్తుదాసు నీళ్ళ పెట్టెను ఊడదీసి గోనెపట్టా మీద పడుకోబెట్టాడు. లోపల సన్నసన్నటి గొట్టాలు వరసగా ఉన్నాయి. వేడినీళ్ళూ చాకలిసోడా పోసి అటూ ఇటూ ఊపుతుంటే తవుడు ముద్దలుగా ఊడి వస్తోంది.

"ఈ గొట్టాలన్నీ ఎందుకు?" అంది ఇందిరమ్మ.

అతను ఆశ్చర్యంగా చూశాడు. ఆ ఇంట్లో ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

"లోపల మంట మండతాదమ్మా. ఆ వేడి నీళ్ళు ఎత్తుకుంటాయి. ఈ గొట్టాల్లోకి వచ్చి గాలికి చల్లబడి మళ్ళా లోపలికి పోతాయి. ఎప్పుడూ తిరగతా ఉంటాయి. తవుడు అడ్డం పడింది, తిరగలా, ఉడికింది."

"దినానికి ఎన్ని నీళ్ళు తాగతాది?"

"తాగేదేందమ్మా!" క్రీస్తుదాసు నవ్వాడు. "పోసినవి పోసినట్టే ఉండాల. వారానికో, పది దినాలకో లోటాడు తగ్గితే తగ్గతాది."

"ఇది దినానికి అర బిందె తాగేది."

అతని నవ్వు అక్కడే ఆగిపోయింది. "ఎవురు చెప్పినారు?"

"చెప్పేదేంది, మేమందరం చూసినాం. పోసినాం గూడా."

"పది దినాలుగానా? నాతో ఒక మాట అనలేదేమమ్మా?"

"వింతనుకోలా."

నిజంగానే వింతనుకోలేదు. ఆ ఇంట్లో మూడు తరాలుగా పొద్దున్నే కొట్టంలోంచి బయటికి వచ్చే ప్రతి జీవమూ తొట్టిలో మూతి పెట్టి తాగేది. పని చేసేది తాగుతుంది. తాగకపోతే కదా కంగారు పడాలి, పశువుల డాక్టరు కోసం పరుగెత్తాలి! ఇక కారిన నీళ్ళంటారా, కొట్టంలో నేల తడిగా ఉండటం ఏ రైతుకు కొత్త? వేరే ఎక్కడ నిలిపినా తెలిసేది. ఎద్దుల జాగాలో నిలిపారు కాబట్టి, ఆ తడి కూడా ఎద్దుల లెక్కలోనే కలిసిపోయింది.

క్రీస్తుదాసు కింది గొట్టానికి గుడ్డ చుట్టిన కర్రముక్క బిగించి, పెట్టెను నిలబెట్టి, అంచుదాకా మంచినీళ్ళు నింపాడు. పొడిగుడ్డతో చుట్టూ తుడిచాడు. ఇద్దరూ చెరొకవైపు కూచొని చూశారు.

ఏమీ లేదు. ఎర్రరంగు ఎండలో మెరుస్తోంది.

"అదిగో!" అంది ఇందిరమ్మ.

అడుగున కుడివైపు మూలలో ఒక చుక్క. అది పెద్దదై జారింది. దాని వెనకే ఇంకొకటి. తర్వాత చుక్కలు లేవు, సన్నటి ధార.

దాచుకోవడమెందుకు, ఆ క్షణాన ఇందిరమ్మకు కలిగింది బాధ కాదు, సంతోషం. దాహం లేదు, కట్టుబడటం లేదు. బెజ్జం ఉంది, తవుడు ఉబ్బి దాన్ని మూసింది! గడియారంలో మిగిలిన మరలు ఇన్నేళ్ళకు సరైన చోట కూచున్నట్టయింది ఆమె ప్రాణానికి.

క్రీస్తుదాసు జేబులోంచి చాకు తీసి ఆ మూల గీకాడు. ఎర్రరంగు పొరలుగా లేచింది. కింద బొటనవేలంత బూడిదరంగు ముద్ద. చిల్లిబిందెకు వేసినట్టు ఎవరో ఎప్పుడో వేసిన మాటు. ఇంకాస్త పక్కకు గీకాడు. ఎరుపు కింద ఆకుపచ్చ రంగు వచ్చింది.

అతను లేచి బండి దగ్గరికి పోయి రేకు లోపలివైపు గీకాడు. చక్రం మీద గీకాడు. సీటు కింద గీకాడు. ఎక్కడ గీకినా ఆకుపచ్చే.

"ఇది కొత్త బండి కాదమ్మా," అన్నాడు చాకు మూస్తూ.

పద్మనాభయ్య వచ్చేసరికి మధ్యాహ్నమైంది. రైలు వేళ మారలేదని చెప్పబోయి, గోనెపట్టా మీద గీకిన పెట్టెను చూసి, మాట మింగేశాడు. క్రీస్తుదాసు చెప్పిందంతా నిలబడే విన్నాడు.

"కాదు. కొత్తదే. కాగితంలో రాసుండాది."

"కాగితం కొత్తదేనన్నా."

పద్మనాభయ్య ఆ మాటున్న మూలను వేలితో రుద్దాడు. రుద్దితే పోతుందేమో అన్నట్టు చాలాసేపు రుద్దాడు.

"మళ్ళా మాటు వెయ్యగలవా?"

"వేస్తా. గంట పని. ఒక కారు పంట చేతికొచ్చేదాకా ఢోకా లేదు."

"పైన రంగో?"

క్రీస్తుదాసు ఇందిరమ్మ వైపు చూశాడు.

"ఎర్రరంగు నాయుడుపేటలో దొరకతాదా అని అడగతుండా."

"దొరకతాదన్నా."

"చెప్పకుండా చూపిస్తారా?" అంది ఇందిరమ్మ.

"నేను దీన్ని అమ్మడంలేదు. ఇది చూపించే బండి. రైతులకు వచ్చేవి కొత్తవి."

"అవి కొత్తవని మీకెట్టా తెలుసు? ఇది గూడా కొత్తదనే గదా తోలుకొచ్చినారు."

పద్మనాభయ్య మొహం నల్లబడింది. భార్య ఎదురు మాట్లాడినందుకు కాదు. ఆ కాగితం తప్ప తన దగ్గర వేరే రుజువు లేనందుకు.

లోపలి నుంచి ఆదిశేషమ్మ వచ్చి గడప మీద నిలబడింది. పొద్దుటి గొడవ తర్వాత కొడుకుతో ఆమె మాట్లాడటం అదే మొదలు.

"ఎద్దుల్ని కొనేటప్పుడు మూడు సంతలు తిరిగినావు. పళ్ళు పట్టి చూసినావు. తోక ఎత్తి చూసినావు. ఒంటి మీది సుళ్ళు లెక్కబెట్టినావు. దీన్ని తోలుకొచ్చేటప్పుడు నోరు తెరిచి చూసినావా?"

"ట్రాక్టరుకి పళ్ళుంటాయా అమ్మా?"

"నోరుండాది గదా."

ఎవరూ నవ్వలేదు. పద్మనాభయ్య గోనెపట్టా అంచున కూలబడ్డాడు.

"చూడలా," అన్నాడు. "మద్రాసులో మన కొట్టమంత గదిలో ఫ్యాను తిరగతా ఉండాది. కంపెనీ ఆయన ఇంగిలీషులో మాట్లాడినాడు. జేబులో రెండు పెన్నులు. మూత తీసి లోపల చూపించండి సార్ అని అడిగేదానికి సిగ్గేసింది. పల్లెటూరోడు అనుకుంటాడని."

సంతలో ఎంత పెద్ద మోతుబరి ఎద్దునైనా నోరు పెగల్చి చూసే మనిషి! ఇందిరమ్మకు ఆయన మీద జాలి కలిగింది. కోపమూ కలిగింది. రెంటిలో ఏది ముందు కలిగిందో చెప్పడం కష్టం.

"నువ్వు పొయ్యకపోయుంటే రేపు కయ్యలో అందరి ముందర కారిపొయ్యేది," అన్నాడు పద్మనాభయ్య, తల్లి పాదాల వైపు చూస్తూ.

"పోసినందుకు ఈ దినం ఉడికింది."

"ఉడికింది కాబట్టే తెలిసింది."

అది క్షమాపణో కాదో ఆదిశేషమ్మ తేల్చుకోలేదు. గడప మీదనే కూచుంది. క్రీస్తుదాసు మాటు వేయడానికి బొగ్గులు రాజేశాడు.

వీధి వైపు నుంచి చెప్పుల చప్పుడు వినిపించింది.

"పద్మనాభం ఉండాడా?"

హజరత్తయ్య. రేపు దమ్ము చేయాల్సిన కయ్య ఆయనదే. ఈ ఇంటి ఎద్దుల్ని కొనుక్కున్నదీ ఆయనే. చుట్టరికం లేకపోయినా ఆదిశేషమ్మను అక్కా అంటాడు, పద్మనాభయ్య ఆయన్ని మామా అంటాడు. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో హజరత్తయ్య విత్తనాలు చల్లందే మిగతావాళ్ళు చల్లరు. ఆయన తల ఊపితే రేపు అయిదు పేర్లు కాదు, పది వస్తాయి.

పద్మనాభయ్య చటుక్కున భుజం మీది కండువా తీసి నీళ్ళ పెట్టె మీద కప్పాడు.

హజరత్తయ్య కండువా చూశాడు. కండువా కింది ఆకారాన్నీ చూశాడు. చూడనట్టే అరుగు మీద కూచున్నాడు.

"నీళ్ళు పెట్టి వారమయింది మామా, కయ్య బాగా నానిందా?" అన్నాడు పద్మనాభయ్య.

"నానింది. మొలగొలుకుల వరినారు గూడా చేతికొచ్చింది." హజరత్తయ్య కర్ర పక్కన పెట్టాడు. "అక్కా, ఎద్దులు బాగుండాయి. ఆ ఎడమటిది నీళ్ళల్లో కూలబడతాదని చెప్పినావు చూడు, నిజమే. మొదటి దినమే కూలబడింది. నువ్వు ముందే చెప్పబట్టి కుడివైపుకి మార్చి కట్టినా, ఇప్పుడు బాగనే నడస్తుండాది. నీ నోటితో నువ్వు చెప్పకపోతే నాకెట్టా తెలస్తాది? ధర గూడా తగ్గింది నీకు."

"చెప్పకుండా ఎట్టా అమ్ముతాం తమ్ముడా?"

"అందుకే వచ్చినా. రేపు నా కయ్యలోకి దిగే బండికి చెడ్డ సుడి ఏమన్నా ఉండాదా అని నిన్నడిగి పోదామని. పద్మనాభాన్ని అడగను. వాడు అమ్ముకునేవాడు."

పద్మనాభయ్య తల్లి వైపు చూశాడు. ఆదిశేషమ్మ కొడుకు వైపు చూడలేదు.

"దాని లోపలికి నేను చూడలా," అంది. "చూసింది నా కోడలు. దాన్ని అడుగు."

అందరి కళ్ళూ ఒక్కసారిగా ఇందిరమ్మ మీదికి తిరిగాయి. భర్త మొహంలో కోపముంటే తేలికగా ఉండేది. కోపం లేదు. చెప్పవద్దని బతిమాలుతున్నాడు, నోరు తెరవకుండా. పదకొండేళ్ళలో ఆయన తనను బతిమాలడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఒక్కమాట, ఏమీ లేదు బాబాయ్ అంటే చాలు. ఏజెన్సీ నిలబడుతుంది. ఆయన మొహం నిలబడుతుంది.

ఆమె నాలుగడుగులు వేసి, వంగి, కండువా తీసింది.

"ఉండాది బాబాయ్. ఇదిగో, ఈడ."

హజరత్తయ్య వచ్చి గొంతుక్కూచున్నాడు. మాటు మీద బొటనవేలు ఆనించి నిదానంగా తడిమాడు. ఇందిరమ్మ అర బిందె నీళ్ళ సంగతి, కుడితి సంగతి, తవుడు సంగతి, ఆకుపచ్చ రంగు సంగతి వరసగా చెప్పింది. మొదట్లో నేల చూస్తూ చెప్పింది. గొట్టాల్లో నీళ్ళు ఎట్లా తిరుగుతాయో చెప్పే దగ్గరికి వచ్చేసరికి తల ఎత్తి, చేతులు తిప్పుతూ చెబుతోంది. కుడితి మాట దగ్గర హజరత్తయ్య భుజాలు కదిలాయి. నవ్వాడో దగ్గాడో తెలియలేదు.

"మాటు వేస్తే దున్నతాదా?" అని క్రీస్తుదాసును అడిగాడు.

"దున్నతాది. ఇంజను గట్టిదే."

హజరత్తయ్య కర్ర తీసుకొని లేచాడు.

"రేపు తోలుకొని రండి. కయ్య నానబెట్టుకోని ఊరికే ఉండలేను. అయితే గట్టు దిగే ముందర ఈ మాట రైతులందరి ముందరా చెప్పాల. ఆ కంపెనీ ఆఫీసరు ముందరా చెప్పాల. నువ్వు కాదు పద్మనాభం. ఈ అమ్మాయి చెప్పాల, ఇప్పుడు చెప్పినట్టే. చెప్తే మొదటి పేరు నాది రాసుకో. చెప్పకపోతే నీ బండి నా గట్టు దిగదు, ఇంకొకడి గట్టు గూడా దిగదు."

"ఆఫీసరు ముందర ఆ మాటొస్తే ఏజెన్సీ ఆడనే పోతాది మామా!"

"పోతే పోవచ్చు. పోకపోవచ్చు. నాకు తెలీదు. నేను ఆఫీసర్ని ఎన్నడూ కొనలా."

చెప్పుల చప్పుడు వీధి మలుపుదాకా వినిపించి ఆగిపోయింది.

బొగ్గులు ఎర్రగా రాజుకున్నాయి. క్రీస్తుదాసు సీసపు కడ్డీ చేతిలోకి తీసుకున్నాడు.

"అన్నా, మాటు వేసేదా?"

"వెయ్యి."

"రంగు సంగతి?"

పద్మనాభయ్య కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. ఇందిరమ్మ ముందుకు వచ్చి నిలబడ్డాడు. గోడకు ఆనించిన సైకిలు తీసుకున్నాడు.

"యాడికన్నా?" అన్నాడు క్రీస్తుదాసు.

అప్పటికే సైకిలు వీధిలో ఉంది.

ఇందిరమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడింది. వెనకనుంచి ఆదిశేషమ్మ గొంతు వినిపించింది.

"రేపు ఏ చీర కట్టుకుంటావు మే?"

ఇందిరమ్మ వెనక్కి తిరగలేదు. వీధి చివర దారి రెండుగా చీలుతుంది. ఎడమకు పోతే స్టేషను. ఆయన అక్కడికి పొద్దున్నే పోయి వచ్చాడు. కుడికి పోతే నాయుడుపేట. రంగుల కొట్టు అక్కడే ఉంది.

సైకిలు కుడికి తిరిగింది.